లోయిస్ మాక్స్‌వెల్ కెరీర్: రేడియో గొంతు తెర మీద ఏం చేసింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ఒక ఎఫ్‌ఎం కేంద్రంలో నాలుగేళ్లుగా అనౌన్సర్‌గా ఉన్నారు, నటన వైపు రావాలని ఉంది. కెనడా రేడియోలో మొదలుపెట్టి సినిమాల్లోకి వచ్చిన లోయిస్ మాక్స్‌వెల్ గురించి చదివారు. జేమ్స్ బాండ్ చిత్రాల్లో బాండ్ పైఅధికారి కార్యదర్శి మిస్ మనీపెన్నీ అనే చిన్న పాత్రను ఆమె 23 ఏళ్లు వేశారని తెలిసి, అది విజయమా లేక ఒకచోట ఇరుక్కుపోవడమా అని, అందులో రేడియో పాలెంత అని, చివరగా మీరు రేడియో ఉద్యోగం మానేసి రావచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్పి తర్వాత కారణాలు చెబుతాను. డబ్బు, హోదా లెక్కన చూస్తే ఆమెకు దక్కినది తక్కువ. నటిగా చూస్తే అది విజయమే, ఆ విజయంలో పెద్ద వాటా ఆమె గొంతుది. ఆ గొంతుకు పునాది పడింది రేడియోలో. అయితే ఆమె కథను చూసి ఉద్యోగం మానేయమని మాత్రం నేను చెప్పను. ఎందుకో చివర్లో వస్తుంది.

నేనెవరో కూడా చెప్పాలి కదా. ఆకాశవాణిలో తొమ్మిదేళ్లు క్యాజువల్ అనౌన్సర్‌గా, ఆ తర్వాత ఇరవై రెండేళ్లు డబ్బింగ్ కళాకారిణిగా పనిచేశాను. తెర మీద కనబడింది మూడంటే మూడు సినిమాల్లో, అదీ డాక్టరు పక్కన ట్రే పట్టుకుని నిలబడే నర్సుగా. కాబట్టి నటన గురించి పెద్దమాటలు చెప్పే అర్హత నాకు లేదు. మైకు ముందు ఏం జరుగుతుందో, తెర మీద బొమ్మకూ గొంతుకూ మధ్య ఏం జరుగుతుందో మాత్రం తెలుసు. లోయిస్ మాక్స్‌వెల్ జీవితాన్ని నేను ఆ కోణంలోనే చూస్తాను.

ఆమె 1927 ఫిబ్రవరి 14న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, కిచెనర్ పట్టణంలో పుట్టారు. పెరిగింది టొరంటోలో. పుట్టినప్పటి పేరు లోయిస్ రూత్ హుకర్. మాక్స్‌వెల్ అన్నది తర్వాత పెట్టుకున్న పేరు. ఇంట్లోవాళ్లకు ఇష్టం లేకపోయినా, రాబిన్ వెల్స్ అనే మారుపేరుతో రేడియో ఆడిషన్‌కు వెళ్లారు. అప్పటికింకా పదిహేనేళ్లు నిండలేదు. ఈ వివరం చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే నేను కూడా మొదటి ఆడిషన్‌కు ఇంట్లో టైపు పరీక్షకని చెప్పి వెళ్లినదాన్నే. రేడియోకు ఆ సౌకర్యం ఉంది. ముఖం కనబడదు గనుక పేరు మార్చుకుంటే సొంత నాన్నగారు పక్క గదిలో కూర్చుని విన్నా గుర్తుపట్టకపోవచ్చు.

ఆ కాలంలో కెనడాలో నటించాలనుకునే పిల్లకు రేడియో తప్ప పెద్దగా మరో దారి లేదన్నది మరచిపోకూడదు. ఇంగ్లీషు మాట్లాడే కెనడాకు తనదని చెప్పుకోదగ్గ కథాచిత్రాల పరిశ్రమ అప్పటికి లేదు. పక్కనే హాలీవుడ్ ఉండగా అది నిలదొక్కుకోవడమూ కష్టమే. రేడియోకు మాత్రం 1936లో ఏర్పడిన కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ గట్టి ఆధారంగా నిలిచింది. తర్వాతి కాలంలో బొనాంజా ధారావాహికతో లోకమంతటికీ తెలిసిన లోర్న్ గ్రీన్ ముందుగా సీబీసీలో యుద్ధకాలపు వార్తలు చదివినవారే. ఆయన గొంతుకు జనం పెట్టిన పేరుకు అర్థం 'వినాశనపు గొంతు' అని. ఆయన టొరంటోలో రేడియో కళల శిక్షణాలయం కూడా నడిపారు. స్టార్ ట్రెక్‌లో ఇంజనీరు స్కాటీగా వేసిన జేమ్స్ డూహన్ కూడా యుద్ధం నుంచి తిరిగివచ్చాక టొరంటో రేడియోలోనే నిలదొక్కుకున్నారు. ఒక తరం కెనడా నటులకు మైకే మొదటి గురువు అంటే అతిశయోక్తి కాదు.

లోయిస్ మాత్రం ఆ మైకు దగ్గర ఎక్కువ కాలం నిలవలేదు. పదిహేనేళ్లకే వయసు దాచి కెనడా మహిళా సైనిక దళంలో చేరి, సైనికుల వినోదం కోసం ఏర్పాటైన ప్రదర్శన బృందంతో ఇంగ్లండు చేరారు. లండన్‌లో అసలు వయసు బయటపడింది, దళం నుంచి పంపించేశారు. ఆమె కెనడాకు తిరిగిపోకుండా రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో విద్యార్థినిగా చేరిపోయారు. అక్కడ పరిచయమైన సహవిద్యార్థి రోజర్ మూర్. ఇద్దరూ పుట్టింది ఒకే ఏడు. ఆ స్నేహం దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, ఒకరు బాండ్‌గా, ఒకరు మనీపెన్నీగా, ఒకే బల్లకు ఇటూ అటూ నిలబడేదాకా సాగింది.

తర్వాతి ఘట్టాలను త్వరగా చెబుతాను. 1946లో ఒక బ్రిటిష్ చిత్రంలో తెరపై పేరు పడని వేషం, ఆ వెంటనే హాలీవుడ్. 1947లో షర్లీ టెంపుల్, రోనాల్డ్ రీగన్ నటించిన 'దట్ హేగన్ గర్ల్'లో ఉపాధ్యాయురాలి పాత్ర. దానికి వర్ధమాన నటిగా గోల్డెన్ గ్లోబ్ పురస్కారం వచ్చింది. 1949లో లైఫ్ పత్రిక కోసం ఫిలిప్ హాల్స్‌మన్ కొందరు కొత్త తారలను కలిపి ఫొటోలు తీశారు. వారిలో లోయిస్ ఉన్నారు, మెరిలిన్ మన్రో కూడా ఉన్నారు. అక్కడి నుంచి ఎవరి దారి ఎటు వెళ్లిందో మీకు తెలిసిందే. లోయిస్‌కు హాలీవుడ్ ఇచ్చిన వేషాలు చిన్నవి. 1950లో ఆమె రోమ్ వెళ్లిపోయారు, అక్కడ ఐదేళ్లున్నారు. సినిమాలు చేస్తూనే సరదాకు కార్ల పందేలు కూడా నడిపారు.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే నా వృత్తికి సంబంధించిన అసలు విషయం ఇక్కడే ఉంది. 1953లో ఇటలీలో వెర్డి స్వరపరచిన 'ఐదా' ఒపేరాను సినిమాగా తీశారు. ఐదాగా సోఫియా లోరెన్, ఆమెకు పోటీగా నిలిచే ఈజిప్టు రాకుమారి అమ్నేరిస్‌గా లోయిస్ మాక్స్‌వెల్. పాడింది మాత్రం వీరిద్దరూ కాదు. లోరెన్‌కు రెనాటా తెబాల్ది, లోయిస్‌కు ఎబె స్తిన్యాని గొంతులిచ్చారు. రేడియోలో ముఖం లేకుండా గొంతుతో మొదలైన అమ్మాయి, పాతికేళ్లకు వచ్చేసరికి గొంతు లేకుండా ముఖంతో నిలబడింది. పెదవులు కదపాలి, కళ్లు పలకాలి, కోపం చూపాలి, వినిపించేది మాత్రం మరొకరు. పాటకు పెదవి కలపడం మన నటులకు వెన్నతో పెట్టిన విద్య, కనుక అది అంత వింతగా తోచకపోవచ్చు. కానీ ఒక్క పాట కాదు, పాత్ర మొత్తం అలా నడపడమంటే ఎంత కష్టమో డబ్బింగ్ థియేటర్లో కూర్చుని గంటల తరబడి ఇతరుల పెదవులు చూసినవాళ్లకు తెలుస్తుంది. పాడే మనిషి ఊపిరి ఎక్కడ తీసుకుందో నటి కూడా అక్కడే తీసుకోవాలి. తీసుకోకపోతే కంఠనరం దొంగతనాన్ని పట్టిచ్చేస్తుంది.

ఊపిరి అన్న మాట వచ్చింది గనుక, రేడియో పాలెంత అన్న మీ ప్రశ్నకు దగ్గరగా వచ్చినట్టే. రేడియో నేర్పే మొదటి విద్య ఉచ్చారణ కాదు, ఊపిరి. మైకు ధ్వనిని పెంచే మీట, అంటే ఫేడర్, పైకి జరిపిన క్షణానికీ మొదటి అక్షరానికీ మధ్య ఒక సన్నని ఖాళీ ఉంటుంది. కొత్త అనౌన్సర్ ఆ ఖాళీలో గబుక్కున గాలి పీలుస్తాడు, అది మైకులో పాము బుసలా వినబడుతుంది. పాతవాళ్లు ఫేడర్ ముట్టుకోకముందే ఊపిరి తీసుకుని ఉంటారు, అందుకే 'ఆకాశవాణి' అన్న మాట శూన్యంలోంచి వచ్చినట్టు మెత్తగా వస్తుంది. ఇది వంటబట్టినవాళ్లకు తెర మీద ఒక లాభం ఉంది. ఎదుటి నటుడు మాట ముగించీ ముగించకముందే జవాబుకు సిద్ధంగా ఉంటారు, అయినా తొందరపడినట్టు కనబడరు. మనీపెన్నీ దృశ్యాలన్నీ ఈ విద్య మీదే నిలబడ్డాయని నా నమ్మకం.

ఆ పాత్ర ఎలా వచ్చిందో చూడండి. లోయిస్ 1957లో పీటర్ మారియట్ అనే టెలివిజన్ అధికారిని పెళ్లి చేసుకుని లండన్‌లో స్థిరపడ్డారు, ఇద్దరు పిల్లలు. ఆయనకు గుండెజబ్బు వచ్చి ఇంటికి డబ్బు అవసరమైనప్పుడు ఆమె తనకు తెలిసిన దర్శకులను వేషాలు అడిగారు. వారిలో ఒకరు టెరెన్స్ యంగ్. ఆయన మొదటి చిత్రం 'కారిడార్ ఆఫ్ మిర్రర్స్'లో, 1948లో, ఆమె నటించి ఉన్నారు. మొదటి బాండ్ చిత్రం 'డాక్టర్ నో' కోసం ఆయన రెండు పాత్రలు ముందుపెట్టారు: బాండ్ ప్రియురాలు సిల్వియా ట్రెంచ్, లేదా ఆఫీసులో కూర్చునే మనీపెన్నీ. సిల్వియా పాత్రలో ఒంటి మీద చొక్కా మాత్రమే ఉండే సన్నివేశం ఉంది. అది తనకు కుదరదని లోయిస్ మనీపెన్నీని ఎంచుకున్నారు. రోజుకు 100 పౌండ్లు, రెండు రోజుల పని, దుస్తులు ఆమెవే. ఇదీ ఒప్పందం. 1962లో అది అవమానకరమైన మొత్తం కాదు, కానీ చిన్న నటి చిన్న పనికి ఇచ్చే మొత్తమే. అప్పటికి ఎవరికీ, నిర్మాతలకు కూడా, ఇది ఇన్నేళ్లు సాగుతుందని తెలియదు.

ఇప్పుడు ఒక విచిత్రం చెబుతాను, మీరు గొంతుతో బతికే మనిషి గనుక మీకు నచ్చుతుంది. 'డాక్టర్ నో'లో సముద్రంలోంచి నడిచివచ్చే ఉర్సులా ఆండ్రెస్ ముఖం లోకమంతా గుర్తుంచుకుంది. కానీ ఆమె మాటలు ఆమెవి కావు. ఉచ్చారణలో స్విస్ యాస ఉందని నిక్కీ వాన్ డర్ జిల్ అనే కళాకారిణి చేత డబ్బింగ్ చెప్పించారు. సిల్వియాగా వేసిన యూనిస్ గేసన్‌కు కూడా నిక్కీ గొంతే. 'గోల్డ్‌ఫింగర్'లో షర్లీ ఈటన్‌కు, 'థండర్‌బాల్'లో క్లోడిన్ ఓజేకు కూడా ఆమే చెప్పారు. తెర మీద ఆమె పేరు పడలేదు. అంటే ఆ తొలి చిత్రాల్లో అందగత్తెల ముఖాలు మారుతూ వచ్చాయి, వెనుక గొంతు చాలాసార్లు ఒక్కటే. మన దగ్గర సరిత, రోజారమణి, సునీత వంటివారు ఎందరు కథానాయికలకు గొంతులిచ్చారో తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యం లేదు.

ఆ వరసలో లోయిస్ మాక్స్‌వెల్ గొంతు మాత్రం లోయిస్ మాక్స్‌వెల్‌దే. సిల్వియా పాత్ర ఒప్పుకుని ఉంటే ఆ గొంతు కూడా తుడిచేసేవారేమో, చెప్పలేం. మనీపెన్నీని ఎంచుకున్నందుకు ఆమెకు తెర మీద నిమిషాలు తగ్గాయి, గొంతు మిగిలింది. 14 సినిమాల్లో ఆమె కనిపించిన సమయమంతా కలిపినా ఒక గంట నిండదు. అయినా ఆ పాత్ర పేరు చెబితే నాకు ముఖం కంటే ముందు గొంతు గుర్తొస్తుంది. కొంచెం లోతుగా ఉండి, చివర్లో నవ్వు ఆపుకుంటున్నట్టుండే గొంతు అది.

ఒక దృశ్యాన్ని దగ్గరగా చూద్దాం. 1964 నాటి 'గోల్డ్‌ఫింగర్'లో బాండ్ వేషంలో షాన్ కానరీ ఆఫీసు గదిలోకి వస్తారు. అలవాటు ప్రకారం టోపీని దూరంగా ఉన్న కొక్కేనికి విసరబోతారు. ఈసారి ఆమె ఆ టోపీ ఆయన చేతిలోంచి తీసుకుని తనే విసురుతుంది. బంగారం గురించి మాట వస్తుంది. తనకు తెలిసిన బంగారమల్లా ఎడమచేతి వేలికి తొడిగేదేనని ఆమె అంటుంది. రాసినవాళ్ల దృష్టిలో అది ఒక హాస్యోక్తి, అంతే. ఆమె దాన్ని హాస్యంగానే మొదలుపెడుతుంది, మాట మధ్యలో వేగం కొద్దిగా తగ్గిస్తుంది, చివరి పదాన్ని బరువుగా కాక తేలిగ్గా వదిలేస్తుంది. తేలిగ్గా వదలడంలోనే ఆ మనిషి నిజంగా ఆశపడుతోందని తెలుస్తుంది. బరువుగా అని ఉంటే అది ఫిర్యాదు అయ్యేది, నవ్వుతూ అని ఉంటే జోకు అయ్యేది. ఇంతలో ఇంటర్‌కమ్‌లో 'ఎం' అనే పైఅధికారి గొంతు వచ్చి ఇద్దరినీ విడదీస్తుంది. ఆ పాత్రలో బెర్నార్డ్ లీ. 1979 దాకా ఆ గదిలో అధికారి ఆయనే. చాలాసార్లు ఆయన కనిపించరు, గొంతు మాత్రమే వస్తుంది. ఒక పెట్టెలోంచి వచ్చే గొంతుకు ముఖంతో స్పందించడం రేడియో నాటకాలు చేసినవాళ్లకు కొత్త కాదు. మేమంతా ఎదుటి మనిషిని చూడకుండా ప్రేమించాం, పోట్లాడాం, చచ్చిపోయాం.

1969 నాటి చిత్రంలో బాండ్‌కు పెళ్లవుతుంది, వేషం జార్జ్ లాజెన్‌బీది. బయలుదేరబోతూ అతను టోపీని ఈసారి మనీపెన్నీ వైపు విసురుతాడు. ఆమె కళ్ల నిండా నీళ్లు. మాట లేదు. ఐదు సినిమాల్లో గొంతుతో కట్టినదంతా అక్కడ నిశ్శబ్దంగా ఖర్చుపెట్టేశారు. మాటల మనిషి మాట మానేస్తే ఎంత బలంగా ఉంటుందో చూపడానికి నేను వర్క్‌షాపుల్లో ఆ ముక్క ఇప్పటికీ చూపిస్తాను.

ఇక పూర్తిగా గొంతు పని గురించి. 1964-65లో జెర్రీ ఆండర్సన్ నిర్మించిన 'స్టింగ్రే' అనే 39 భాగాల తోలుబొమ్మల వంటి ధారావాహికలో అట్లాంటా షోర్ అనే పాత్రకు లోయిస్ గొంతిచ్చారు. 'తోలుబొమ్మల వంటి' అన్నాను గానీ అవి తీగలతో ఆడించే మరబొమ్మలు. ముందుగా నటులు మాటలు రికార్డు చేసేవారు. ఆ ధ్వని నుంచి పుట్టిన విద్యుత్ సంకేతం బొమ్మ తలలోని యంత్రాన్ని కదిపితే పెదవులు ఆడేవి. డబ్బింగ్‌లో మేము పెదవిని చూసి మాట కలుపుతాం, అక్కడ మాటను బట్టి పెదవి కదిలేది. కథలో నాయకుడు ఇష్టపడే మరీనా మూగది. మాట్లాడగలిగిన అట్లాంటా అతని కోసం ఆఫీసులో ఎదురుచూస్తూ ఉంటుంది. చూశారా, అక్కడ కూడా మనీపెన్నీయే! ఆ పాత్ర ఆమెను వెతుక్కుంటూ వచ్చిందా, ఆమె గొంతే అలాంటి పాత్రలను పిలిచిందా అన్నది తేల్చడం కష్టం. లండన్‌లో స్థిరపడిన కెనడా నటులకు ఇలాంటి పనులు బాగా దొరికేవన్నది మాత్రం వాస్తవం. అమెరికా ప్రేక్షకులకు కొరుకుడు పడేలా, బ్రిటన్‌లో చవగ్గా దొరికేలా, రెండు గట్ల మధ్య ఉండే యాస వారిది. 'థండర్‌బర్డ్స్'లో స్కాట్ ట్రేసీకి గొంతిచ్చిన షేన్ రిమ్మర్ కూడా టొరంటో మనిషే, ఆయన కూడా బాండ్ చిత్రాల్లో చిన్న వేషాల్లో కనిపిస్తారు.

ఇరుక్కుపోవడం మాట నిజమేనా? కొంతవరకు నిజమే, దాచి లాభం లేదు. 'ది సెయింట్', 'ది అవెంజర్స్', 'యూఎఫ్‌ఓ' వంటి టెలివిజన్ ధారావాహికల్లో ఆమె వేర్వేరు పాత్రలు వేశారు, 1963లో 'ది హాంటింగ్' అనే దయ్యాల చిత్రంలో గంభీరమైన పాత్ర వేశారు. అయినా జనానికి మనీపెన్నీయే గుర్తు. 1967లో ఇటలీవాళ్లు షాన్ కానరీ తమ్ముడు నీల్‌ను నాయకుడిగా పెట్టి ఒక అనుకరణ చిత్రం తీస్తే, అందులో నటించినందుకు తనకు బాండ్ చిత్రాల కంటే ఎక్కువ ముట్టిందని ఆమె చెప్పుకున్నారు. అసలు కంటే నకలు ఎక్కువ ఇచ్చిందన్నమాట. 1971 నాటి 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' సమయంలో ఆమె పారితోషికం పెంచమన్నారు, పాత్ర ఒక్క దృశ్యానికి కుదించుకుపోయింది. ఆ దృశ్యంలో ఆమె ఆఫీసులో కాక, సరిహద్దు అధికారి యూనిఫాంలో టోపీ పెట్టుకుని కనిపిస్తారు. వేరే వేషం కోసం రంగు వేసుకున్న జుట్టు ఆ టోపీ కింద దాగింది.

పారితోషికం విషయంలో ఆమె పట్ల నాకు ప్రత్యేకమైన సానుభూతి ఉంది. ఒకసారి ఒక నిర్మాణ సంస్థ ఒక ధారావాహికలో అత్తగారి పాత్రకు నా గొంతు పెట్టింది. ఎపిసోడుకు ఇంత అని మాట. మూడేళ్లు నడిచింది. రేటు పెంచమని అడిగిన వారంలోనే ఆ అత్తగారికి కథలో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ నటి నెలల తరబడి మంచం మీద పడుకుని కళ్లతో నటించింది, ఆమెకు డబ్బు సరిగ్గానే ఇచ్చారు. నేను ఇంట్లో కూర్చున్నాను. అప్పటికి కోపం వచ్చింది గానీ ఇప్పుడు తలచుకుంటే ఆ ఎత్తుగడకు నవ్వే వస్తుంది. కొనసాగే పాత్రలో ఉన్నవాళ్లకు ఒక చిక్కు ఉంటుంది: పాత్ర ఎంత ప్రసిద్ధమైనా, రోజుల లెక్కన చూస్తే పని చిన్నదే, బేరం చేసే బలమూ చిన్నదే. లోయిస్‌కు ఏ సినిమాలోనైనా ఉండేది రెండు మూడు రోజుల షూటింగే.

అయితే ఆమె ఆ రెండు మూడు రోజుల మీద ఆధారపడి బతకలేదు. 1973లో భర్త పోయాక పిల్లలతో కెనడాకు తిరిగివెళ్లి, ఒంటారియోలోని ఫోర్ట్ ఎరీలో నివాసమున్నారు. అంతకు ముందే 1969లో ఉత్తర ఒంటారియోలో చిత్రీకరించిన 'అడ్వెంచర్స్ ఇన్ రెయిన్‌బో కంట్రీ'లో తల్లి పాత్ర వేశారు; అది సీబీసీలో 26 భాగాలుగా ప్రసారమై కెనడా పిల్లలకు బాగా దగ్గరైంది. అక్కడివాళ్లకు ఆమె మనీపెన్నీ మాత్రమే కాదు, నాన్సీ విలియమ్స్ కూడా. 1979 నుంచి 1994 దాకా టొరంటో సన్ పత్రికలో మనీపెన్నీ పేరుతో కాలమ్ రాశారు. దుస్తుల పరిశ్రమలో వ్యాపారం చూసుకున్నారు. రెండేళ్లకోసారి లండన్ విమానమెక్కి వెళ్లి, బల్ల వెనుక నిలబడి, నాలుగు మాటలు చెప్పి వచ్చేవారు. 'ఇరుక్కుపోయినవాళ్లు' ఇలా బతకరని నా అభిప్రాయం. పాత్ర తనను తినేయకుండా, పాత్ర పేరునే జీవనాధారంగా మార్చుకున్న మనిషి ఆమె.

ముగింపు మాత్రం అంత హాయిగా లేదు. 1983 నాటి 'ఆక్టోపస్సీ'లో మనీపెన్నీకి పెనెలపీ స్మాల్‌బోన్ అనే యువ సహాయకురాలిని పెట్టారు. వారసురాలిని సిద్ధం చేస్తున్నారని ఎవరికైనా అర్థమవుతుంది. ఆ పాత్ర మళ్లీ రాలేదు, అది వేరే సంగతి. 1985 నాటి 'ఎ వ్యూ టు ఎ కిల్' నాటికి లోయిస్‌కు 58 ఏళ్లు. రోజర్ మూర్‌కు అప్పటికి 57 నిండాయి, ఆయన కూడా ఆ చిత్రంతోనే దిగిపోయారు. ఆమె నిర్మాత ఆల్బర్ట్ బ్రోకలీని మనీపెన్నీని కథలో చంపేయమని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు, 1987లో ఆ బల్ల వెనుకకు కారొలైన్ బ్లిస్ వచ్చారు. తర్వాతి కాలంలో ఎం పాత్ర స్త్రీకి ఇచ్చినప్పుడు అది లోయిస్‌కు దక్కి ఉండవలసిందని రోజర్ మూర్ అన్నారు. నాకూ అదే అనిపిస్తుంది. ఇరవై మూడేళ్లు ఇంటర్‌కమ్‌కు ఇవతల కూర్చున్న గొంతు ఒక్కసారి అవతలి వైపు నుంచి వినబడితే ఎలా ఉండేదో! 1994లో ఆమె ఇంగ్లండు తిరిగివెళ్లారు, 2001లో ఒక చివరి చిత్రం చేశారు, ఆరోగ్యం దెబ్బతిన్నాక కొడుకు కుటుంబం ఉన్న పశ్చిమ ఆస్ట్రేలియాకు చేరి, 2007 సెప్టెంబరు 29న అక్కడే కన్నుమూశారు.

ఇక మీ సంగతి. ఆమె కథలో రేడియో పాత్రను నేను ఎక్కువ చేసి చెబుతున్నానని ఎవరైనా అంటే కాదనను. ఆమెకు నాటక శిక్షణ ఉంది, తెరకు నప్పే రూపం ఉంది, అవసరమైన రోజున తలుపు తీసిన పాత పరిచయస్థుడు ఉన్నాడు. రేడియో ఒక్కటే ఎవరినీ తెర మీదికి తీసుకురాదు. పైగా అనౌన్సర్ అలవాట్లు నటనకు అడ్డుపడతాయి కూడా. ప్రతి అక్షరాన్నీ తుడిచి అద్దంలా పెట్టడం, వాక్యం చివర గొంతును ఒకే రకంగా దించడం, నిశ్శబ్దమంటే భయపడటం. రేడియోలో మూడు సెకన్లు శబ్దం లేకపోతే డ్యూటీ ఆఫీసరు పరుగెత్తుకొస్తాడు, తెర మీద అవే మూడు సెకన్లలో ముఖం పనిచేయాలి. ఎఫ్‌ఎం నుంచి వచ్చే పిల్లల్లో ఇంకో ఇబ్బంది చూశాను: ఎప్పుడూ ఉత్సాహంగా ఉండాలన్న శిక్షణ వల్ల దుఃఖపు మాటను కూడా నవ్వు అంచుతో చెబుతారు. నేను డబ్బింగ్‌కు కొత్తగా వచ్చినప్పుడు మా ఇన్‌ఛార్జ్ గారు మొదటి లూపు (ఒకసారికి డబ్బింగ్ చెప్పే చిన్న ముక్క) అయ్యాక అద్దం అవతల నుంచి అన్న మాట, 'అమ్మా, వార్తలు అయిపోయాయి, ఇంక మాట్లాడు' అని.

కనుక ఉద్యోగం మానకండి. మీ షిఫ్టు ఉదయం అయితే సాయంత్రాలు, సాయంత్రం అయితే ఉదయాలు డబ్బింగ్‌కు, నాటకాలకు ఇవ్వండి. డబ్బింగ్‌లో ముందు గుంపు గొంతులకు పిలుస్తారు. పెళ్లి పందిట్లో గోల, ఆసుపత్రి వరండాలో మాటలు. తక్కువ పని అనుకోకుండా వెళ్లండి, తెర మీద మనుషులు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో అక్కడే తెలుస్తుంది. ఒప్పందం ఏదైనా రోజుల లెక్కనా, ఎపిసోడ్ల లెక్కనా, పాత్ర కొనసాగితే రేటు ఎప్పుడు తిరిగి మాట్లాడుకోవాలన్నదీ కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం లేకపోయేసరికి మా అత్తగారికి ఏమైందో చెప్పాను కదా.

ఈలోగా ఒక పని చేయండి. 'గోల్డ్‌ఫింగర్'లోని ఆ ఆఫీసు దృశ్యాన్ని ముందు తెరకు వీపు తిప్పి వినండి, ఆమె ఎక్కడెక్కడ ఊపిరి తీసుకుందో కాగితం మీద గీతలు పెట్టండి. రెండోసారి శబ్దం తీసేసి చూడండి, ముఖంలో మార్పు వచ్చిన చోటల్లా మరో రంగుతో గీతలు పెట్టండి. రెండు గీతలు ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో చూసి, అదే దృశ్యాన్ని మీ తెలుగులో మీరే రాసుకుని ఫోన్‌లో రికార్డు చేసి పంపండి. వింటాను.